మళ్లీ బోర్డే పోయింది!

ప్రశ్న: నాలుగేళ్ల కిందట కొన్న వాషింగ్ మెషీన్‌లో కంట్రోల్ బోర్డు రెండోసారి పోయింది. స్టెబిలైజర్ పెట్టుకోమని మెకానిక్ అంటున్నాడు. అది సరిపోతుందా? వైఫై ఉన్న మోడల్ కాబట్టి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే ఏమైనా ఉపయోగం ఉంటుందా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: వానలు మొదలైతే చాలు, ఇదే ఫిర్యాదుతో ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. స్టెబిలైజర్ మెల్లగా పెరిగే, తగ్గే వోల్టేజీని సర్దుతుందే తప్ప, పిడుగు పడినప్పుడు లైనులోకి క్షణకాలం దూసుకొచ్చే విద్యుత్తును ఆపలేదు. ఇక వీధిలో న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగితే 230 వోల్టులు రావలసిన ప్లగ్గులోకి 400కు దగ్గరగా కూడా రావచ్చు. అందుకే ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించి, మెయిన్ బోర్డులో, అలా దూసుకొచ్చే విద్యుత్తును పక్కకు మళ్లించే సర్జ్ ప్రొటెక్టర్‌తో పాటు, వోల్టేజీ హద్దు మీరితే సరఫరాను కత్తిరించే పరికరాన్నీ పెట్టించుకోండి.

అయితే నేరమంతా కరెంటుదే అంటే నేను ఒప్పుకోను. మా ఇంట్లో మెషీన్ ఆగిపోయినప్పుడు బోర్డు బయటికి తీసి చూస్తే, పైభాగం ఉబ్బిపోయిన కెపాసిటర్ (విద్యుత్తును నిల్వ ఉంచే చిన్న భాగం) ఒకటి, దానికి ఆనుకునే బాగా వేడెక్కే రెసిస్టర్ (కరెంటును అదుపు చేసే భాగం) ఒకటి కనిపించాయి. ఈ రకం కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల అదనపు వేడికీ దాదాపు సగానికి పడిపోతుందని తెలిసినవారెవరూ ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టరు. పైగా తేమ తగలకుండా బోర్డు మీద రెసిన్ పోసి గట్టిపరిచారు. మీ వంటి సముద్రతీర ప్రాంతాలకు ఆ రక్షణ అవసరమే కానీ, దాని వల్ల 20 రూపాయల కెపాసిటర్ పాడైనా వేల రూపాయల బోర్డును మొత్తంగా మార్చవలసి వస్తోంది.

కాలిన బోర్డును ఏ అప్‌డేటూ బాగు చేయలేదు. కానీ వైఫై మాట ఎత్తారు కాబట్టి, నన్ను ఎక్కువగా కలవరపెడుతున్న సంగతి చెప్పాలి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (హానికర సాఫ్ట్‌వేర్), ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డులను మార్చకుండా వదిలేసిన కెమెరాలను, రూటర్లను లక్షల సంఖ్యలో వశపరచుకుని పెద్ద పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసింది. వాషింగ్ మెషీన్‌ను మనం పదేళ్లయినా వాడతాం. దానిలోని వైఫై భాగానికి భద్రతా అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో మాత్రం నేను చూసిన ఏ పెట్టె మీదా రాసి లేదు. అప్‌డేట్లు ఆగిపోయాక కూడా ఆ మెషీన్, మీరు బ్యాంకు లావాదేవీలు చేసే ఫోన్ ఉన్న నెట్‌వర్క్‌లోనే కొనసాగుతుంది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, అప్‌డేట్లు ఎన్నాళ్లు ఇస్తారనే గడువును కొనేవారికి ముందే తెలియజేయడం తప్పనిసరి అయింది. అటువంటి నిబంధన మనకూ కావాలి, అదీ ఆలస్యం లేకుండా.

ప్రస్తుతానికి, యాప్‌తో పని లేకపోతే మెషీన్‌లో వైఫై ఆపేయండి. పని ఉంటే రూటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ (అతిథుల కోసం విడిగా ఉండే వైఫై) పెట్టి, మెషీన్‌ను దానికి మాత్రమే కలపండి. కొత్త బోర్డు వేయించే ముందు ప్లగ్గు దగ్గర వోల్టేజీ, ఎర్తింగ్ కొలిపించండి. పాత బోర్డును మెకానిక్ దగ్గర వదలకుండా అడిగి తీసుకుని, ఏ భాగం కాలిందో చూపించమనండి.