కెలోటైప్‌కి ఇప్పుడు ఎవరి పర్మిషన్ కావాలి?

"కెలోటైప్ పద్ధతిలో ఫోటోలు తీసి అమ్ముకోవాలంటే ఎవరి అనుమతైనా తీసుకోవాలా?" అని అడిగారు. అక్కర్లేదండీ. కాగితం మీద నెగెటివ్ తీసే ఈ పాత పద్ధతిని కనిపెట్టిన ఇంగ్లీషాయన టాల్బోట్ దానికి 1841లో ఇంగ్లండ్‌లో తీసుకున్న పేటెంటు 14 ఏళ్లకే, 1855లో, తీరిపోయింది.

ఇంత చిన్న జవాబుకి ఇంత ఉత్సాహం ఎందుకంటే, ఆ మధ్య హైదరాబాద్‌లో ఒక వర్క్‌షాపుకి వెళ్లాను. కూర్చోకముందే చేతిలో ఒక కాగితం పెట్టారు. ఇక్కడ నేర్చుకున్న పద్ధతిని మా అనుమతి లేకుండా వాడను, ఎవరికీ నేర్పను అని సంతకం చేయాలట! బల్ల మీద సీసాలు చూశాను. సిల్వర్ నైట్రేట్, పొటాషియం అయొడైడ్, గాలిక్ ఆసిడ్, అన్నీ కెలోటైప్‌కి వాడేవే. గాలిక్ ఆసిడ్ మన కరక్కాయలోనూ ఉంటుంది. "సార్, ఇది టాల్బోట్‌ది కదా?" అన్నాను. "మా ఫార్ములా వేరండీ" అన్నారు. ఏం వేరో అడిగితే, "అది సంతకం పెట్టాకే" అట. పక్క కుర్రాడు మారుమాట్లాడకుండా పెట్టేశాడు. నేను పెట్టలేదు. ఫీజు మాత్రం వెనక్కి రాలేదు.

అనుమతి కోసం నిజంగా తిప్పలు పడ్డది ఆనాటి ఇంగ్లండ్ వాళ్లు. ఈ పద్ధతిలో మనుషుల ఫోటోలు తీసి సంపాదించాలంటే టాల్బోట్‌కి డబ్బు కట్టి లైసెన్సు తెచ్చుకోవాలి. స్కాట్లండ్‌లో ఆయన పేటెంటు తీసుకోలేదు. ఎడిన్‌బరోలో రాబర్ట్ ఆడమ్సన్ 1843లో స్టూడియో పెట్టి, చిత్రకారుడు డేవిడ్ ఆక్టేవియస్ హిల్‌తో కలిసి వేలకొద్దీ నెగెటివ్‌లు తీశాడు. పాస్టర్ల దగ్గర్నుంచి న్యూహేవెన్‌లో చేపలమ్మే ఆడవాళ్ల దాకా ఎవరినీ వదల్లేదు. అదంతా హిల్ కంటి గొప్పతనమంటారు చాలామంది. నేనొప్పుకోను, ఎవరినీ అడగక్కర్లేకపోవడమే అసలు కారణం.

1852లో పెద్దమనుషులు బతిమాలితే టాల్బోట్ మిగతా హక్కులన్నీ వదిలేశాడు కానీ, డబ్బుకి తీసే పోర్ట్రెయిట్‌లు మాత్రం వదల్లేదు. ఆర్చర్ అనే ఆయన పేటెంటు తీసుకోకుండా లోకానికిచ్చేసిన, గాజు మీద నెగెటివ్ తీసే కొలోడియన్ పద్ధతి కూడా తన పేటెంటు కిందికే వస్తుందని 1854లో లారోష్ అనే ఫోటోగ్రాఫర్‌తో కోర్టులో తలపడ్డాడు. జ్యూరీ రాదు పొమ్మంది.

ఇవాళ పర్మిషన్ టెన్షనంతా సిల్వర్ నైట్రేట్ కొనేటప్పుడే. నేను వెళ్లిన కెమికల్ షాపులో కాలేజీ లెటర్‌హెడ్ తెమ్మన్నారు. ఇంట్లో ఫోటోలు తీసుకునేవాడికి లెటర్‌హెడ్ ఎక్కడిది? చివరికి తెలిసిన కెమిస్ట్రీ లెక్చరర్‌ని పట్టుకుని తెప్పించుకున్నాను. మీరూ ముందు అలాంటివారిని ఒకరిని చూసిపెట్టుకోండి.