ఈఎస్‌పీ32తో గీజర్ నడపడానికి ఏ ఎస్‌ఎస్‌ఆర్ కొనాలి?

మీ 2 కిలోవాట్ల గీజర్‌కి తీసుకున్న ఎస్‌ఎస్‌ఆర్ (సాలిడ్ స్టేట్ రిలే, అంటే కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ స్విచ్) మీద "ఇన్‌పుట్ 3–32 వోల్ట్ డీసీ" అని ఉంది, ఈఎస్‌పీ32 (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు) పిన్ను 3.3 వోల్టులు ఇస్తుంది కాబట్టి నేరుగా కలిపేయొచ్చా అని అడిగారు. వద్దండి. చాలాసార్లు పనిచేస్తుంది, కానీ అంచు మీద పనిచేస్తుంది. రిలే కరెంటు లాగగానే పిన్ను వోల్టేజీ 3.3 నుంచి కాస్త దిగుతుంది. ఇక మిగిలే మార్జిన్ ఎంత?

మధ్యలో ఒక బీసీ547 ట్రాన్సిస్టర్ వేస్తే ఈ తలనొప్పే ఉండదు. ఎస్‌ఎస్‌ఆర్ ప్లస్, అంటే 3వ టెర్మినల్, 5 వోల్టులకి. 4వది కలెక్టర్‌కి, ఎమిటర్ గ్రౌండ్‌కి. పిన్నుకీ బేస్‌కీ మధ్య 1 కిలో ఓమ్ రెసిస్టర్. బేస్ నుంచి గ్రౌండ్‌కి 10 కిలో ఓమ్ కూడా పెట్టండి, లేకపోతే బోర్డు బూట్ అయ్యేటప్పుడు పిన్ను హైకీ లోకీ కాకుండా గాల్లో ఉంటుంది. 5, 14, 15 నంబరు పిన్నుల జోలికి మాత్రం పోకండి. బూట్‌లో అవి వాటంతట అవే హై అవుతాయి, ఆ రెసిస్టర్ కూడా ఆపలేదు. ఆన్ చేశాక 3, 4 టెర్మినళ్ల మధ్య మీటర్ పెడితే 4.8 వోల్టుల దగ్గర చూపించాలి.

అసలు పొరపాటు జరిగేది అవుట్‌పుట్ వైపు. 230 వోల్టుల దగ్గర మీ గీజర్ లాగేది 8.7 ఆంపులు. ఆన్‌లో ఉన్నప్పుడు ఎస్‌ఎస్‌ఆర్ మీద సుమారు 1.2 వోల్టులు పడతాయి, అంటే 10 వాట్లకు పైగా వేడి. ఎస్‌ఎస్‌ఆర్ మీద 25 ఆంపులు అని రాసి ఉన్నా, అది వేడిని బయటికి లాగే పెద్ద హీట్‌సింక్ ఉన్నప్పటి లెక్క. 40 ఆంపుల డీఏ రకం (డీసీతో ఏసీ లోడ్‌ని నడిపేది), జీరో క్రాస్‌ది (ఏసీ వోల్టేజీ సున్నా దగ్గర ఆన్ అయ్యేది) తీసుకోండి. వాట్‌కి 3 డిగ్రీలు పెరిగే హీట్‌సింక్‌కి పల్చగా థర్మల్ పేస్ట్ రాసి బిగిస్తే, హీట్‌సింక్ గది వేడి కంటే 30 డిగ్రీల పైన ఉంటుంది. మూసేసిన ప్లాస్టిక్ పెట్టెలో పెడితే ఈ లెక్కంతా తప్పుతుంది.

ఇదే ఎస్‌ఎస్‌ఆర్‌ని తర్వాత డీసీ లోడ్‌కి వాడదామనుకోకండి. లోపల ట్రయాక్ అనే ఏసీ స్విచ్ ఉంటుంది, డీసీలో ఒకసారి ఆన్ అయితే ఆగదు. దానికి మాస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) ఉన్న డీడీ రకం, అంటే డీసీతో డీసీ లోడ్‌ని నడిపేది, కావాలి.

ఎస్‌ఎస్‌ఆర్ పాడైతే సాధారణంగా షార్ట్ అయిపోతుంది, గీజర్ ఆన్‌లోనే ఉండిపోతుంది. అందుకే గీజర్‌లోని థర్మోస్టాట్‌నీ, మరీ వేడెక్కితే కరెంటు ఆపే కటౌట్‌నీ బైపాస్ చేయొద్దు. ఆఫ్‌లో ఉన్నా ఎస్‌ఎస్‌ఆర్ లోపలి స్నబ్బర్ (వోల్టేజీ కుదుపులను అణిచే భాగం) గుండా కొన్ని మిల్లీ ఆంపులు కారుతూనే ఉంటాయి, టెస్టర్ పెడితే వెలుగుతుంది. ఎంసీబీ దించకుండా గీజర్ మూత విప్పకండి.