గిల్టు పనికి ఎమ్మెస్సీ ఎందుకు అంటున్న నాన్నగారికి

గాజువాక నుంచి ఒకమ్మ అడిగారు, వాళ్లబ్బాయి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ప్రాజెక్టుకి ఎలక్ట్రోడిపోజిషన్ తీసుకుంటాడంట, అంటే కరెంటు పెట్టి మెటల్ పూత ఎక్కించడం, వాళ్ల నాన్నగారేమో గొలుసులకి గిల్టు వేసే పనికి ఇంత చదువెందుకురా, పరవాడ ఫార్మా సిటీలో క్యూసీ ఉద్యోగం, అంటే మందుల నాణ్యత పరీక్షించే పని, చూసుకో అంటున్నారంట.

అమ్మా, సారు అన్నదాంట్లో సగం నిజమే, సూత్రం ఒకటే. నీళ్లలో కరిగున్న కాపర్ అయాన్లు, అంటే ఛార్జ్ ఉన్న కాపర్ కణాలు, కరెంటు ఇస్తే కేథోడ్ మీద, అంటే మైనస్ వైపు కడ్డీ మీద, మెటల్‌గా పేరుకుంటాయి, 1830ల్లో ఫారడే లెక్కగట్టిందే. మన మింది స్మెల్టర్ నడిచిన రోజుల్లో జింక్ తీసింది కూడా కరెంటుతోనే, సారుకి తెలిసే ఉంటది. కానీ 1997లో ఐబీఎం వాళ్లు చిప్పుల్లో అల్యూమినియం తీగల బదులు కాపర్ పెడతామన్నాక ఈ గిల్టు పనే చిప్ ఫ్యాక్టరీలోకి వెళ్లింది. వెంట్రుక మందంలో వెయ్యో వంతు గాడి, దాన్ని అడుగు నుంచి పైకి నింపుకుంటూ రావాలి, ముందే మూతి మూసుకుపోయిందా లోపల బోలు ఉండిపోయి తీగ పాడు, అందుకని బాత్‌లో, అంటే పూత వేసే ద్రావణంలో, రవ్వంత అడిటివ్స్ అనే మందులు కలుపుతారు, కొన్ని పైన పూతని ఆపుతాయి, కొన్ని అడుగున తొందరపెడతాయి. నన్నడిగితే అసలు విద్యంతా ఆ రవ్వంతలోనే ఉంది.

కేటలిస్టుల్లోనూ, అంటే రసాయన చర్యని తొందరపెట్టే పదార్థాల్లోనూ, అంతే, ప్లాటినం ఖరీదు కదా, కార్బన్ మీద నానో చుక్కలుగా మాత్రమే ఎక్కిస్తారు, నీళ్ల నుంచి హైడ్రోజన్ తీసే ఎలక్ట్రోడ్లకి నికెల్-ఐరన్ పూత ఇలాగే వేస్తారు. పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన అయింది నిజమే, అలాగని అది మీ వాడి కోసమే కడుతున్నారనుకోకండి.

ఉన్నమాట చెప్తా, ఉత్త ఎమ్మెస్సీతో అయితే ప్లేటింగ్ యూనిట్లో సూపర్‌వైజరు, లేదా మళ్లీ ఆ క్యూసీనే. రీసెర్చ్ కావాలంటే నెట్ అనే జాతీయ పరీక్ష రాయాలి, అందులో జేఆర్ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే నెలకి 37 వేలు, తర్వాత పీహెచ్‌డీ, ఓపిక ఉండాలి. తమిళనాడు కారైకుడిలో సీఎస్ఐఆర్ అనే కేంద్ర పరిశోధన సంస్థ వాళ్ల ఎలక్ట్రోకెమికల్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, ప్రాజెక్ట్ అక్కడ చేసే దారి ఉందేమో గైడ్‌ని కనుక్కోమనండి. చిప్ వైపు వెళ్తే సనంద్, ధోలేరా అని గుజరాత్ పోవాల్సొస్తది, వైజాగ్ వదలనంటే కష్టం.

ఈలోపు ఒక పని చెయ్యమనండి, ఇంట్లో కాదు, కాలేజీ ల్యాబ్‌లోనే. కాపర్ సల్ఫేట్‌లో అర ఆంపియర్ అరగంట పెట్టి, ముందూ వెనకా కేథోడ్ తూకం వెయ్యాలి, ఫారడే లెక్కకి 0.3 గ్రాములు పెరగాలి. తగ్గిందనుకోండి, విసుక్కుని లేచిపోతాడా, ఎక్కడ పోయిందా అని రెండోసారి పెడతాడా చూడండి. రెండోసారి పెడితే సారుతో నేను మాట్లాడతాను, ఆదివారం తీసుకురండి.