తాళం అమెరికాలో, ఫోన్ ప్రొద్దుటూరులో

మీ ప్రశ్న – మా జవాబు: మొబైల్

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ముప్పాతిక వంతు రెండు విషయాల మీదే: లాక్ అయిన ఫోన్లు, ఊరు దాటగానే మొరాయించే నెట్. ఒకేలాంటివి కలిపి జవాబిస్తున్నాం.

ప్ర: అమెరికాలో ఉన్న మా వాడు తాను వాడిన ఐఫోన్ 13 పంపించినాడు. మన సిమ్ వేస్తే 'సిమ్ నాట్ సపోర్టెడ్' అంటోంది. ఇక్కడ అంగట్లో మూడు వేలిస్తే లాక్ తీస్తామంటున్నారు. ఇవ్వొచ్చా?
– ఒక తండ్రి, ప్రొద్దుటూరు

జ: ఇవ్వకండి. మీ ఫోన్ తాళం ప్రొద్దుటూరులో తీసేది కాదు. ముందు అది ఏ లాకో తేల్చుకోండి. సెట్టింగ్స్‌లో జనరల్, అందులో అబౌట్ తెరిచి కిందికి జరపండి. 'క్యారియర్ లాక్' అనే వరుస ఉంటుంది. దాని ఎదురుగా 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉంటే ఫోన్‌కు ఏ లాకూ లేదు, తప్పు సిమ్‌లోనో ట్రేలోనో ఉంది. 'సిమ్ లాక్డ్' అని ఉంటే అది అక్కడి టెలికాం కంపెనీ వేసిన తాళం.

అమెరికాలో ఫోన్‌ను నెలవారీ వాయిదాల మీద ఇచ్చి, బాకీ తీరేదాకా తమ సిమ్ తప్ప ఇంకోటి పని చేయకుండా కట్టేస్తారు. ఈ తాళం ఫోన్ లోపల ఉండదు. ఆపిల్ సర్వర్‌లో మీ ఐఎంఈఐ (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు) నంబరు ఎదురుగా రాసి ఉంటుంది. అందుకే అంగడాయన సాఫ్ట్‌వేర్ ఎక్కించినా, ఫోన్‌ను మొత్తం చెరిపేసినా పోదు. ఆ రాతను మార్చమని ఆపిల్‌కు చెప్పగలిగేది ఆ కంపెనీ ఒక్కటే. ఆపిల్ కూడా తనంతట తాను తీయదు.

కాబట్టి పని మీ అబ్బాయిది. *#06# నొక్కితే వచ్చే 15 అంకెల ఐఎంఈఐ అతనికి పంపండి. ఫోన్ వాయిదాలు పూర్తిగా కట్టేసి ఉండాలి. దాంతోపాటు కొన్నాళ్లు ఆ నెట్‌వర్క్‌లో వాడి ఉండాలన్న షరతు ఉంటుంది. టీ-మొబైల్ పోస్ట్‌పెయిడ్‌లో అది 40 రోజులు, ఏటీ అండ్ టీలో 60. ప్రీపెయిడ్ ఫోన్లకు ఇంకా ఎక్కువ. షరతులు తీరితే కంపెనీ వెబ్‌సైట్‌లోనో కస్టమర్ కేర్‌లోనో అడిగితే ఉచితంగానే తీస్తారు. ఐఫోన్‌కు కోడ్ ఏమీ రాదు. 'తీశాం' అన్న కబురు వచ్చాక మన సిమ్ వేసి, వైఫై కలిపి, ఒకసారి ఆపి వెలిగించండి. అప్పటికీ ఒప్పుకోకపోతే బ్యాకప్ తీసుకుని ఫోన్‌ను చెరిపి మళ్లీ మొదలుపెట్టండి. అదే ఆండ్రాయిడ్ అయితే కొన్నిటికి అంకెల కోడ్ ఇస్తారు. దాన్ని ఊహించి కొట్టకండి. తప్పు ప్రయత్నాలకు లెక్క ఉంది, అది దాటితే సరైన కోడ్ కూడా తీసుకోదు.

అంగడాయన మూడు వేలకు చేసేది బహుశా ఆర్-సిమ్ పని. సిమ్ మీద అతికించే రేకులాంటి చిప్ అది. మన సిమ్‌ను అమెరికా సిమ్ అని ఫోన్‌కు నమ్మబలుకుతుంది. నాలుగు రోజులు నడుస్తుంది, తర్వాత ఐఓఎస్ అప్‌డేట్ రాగానే ఆపిల్ ఆ కంత పూడ్చేస్తుంది. మళ్లీ అంగడి, మళ్లీ చిప్. ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మేవాటికి సిమ్ ట్రేనే లేదు, మొత్తం ఈసిమ్ (ఫోన్ లోపలే అమర్చి ఉండే సిమ్). ఆ చిప్ పెట్టడానికి చోటే ఉండదు.

అక్కడ బాకీ ఎగ్గొట్టిన ఫోనో, దొంగిలించిందో అయితే ఆ తాళం ఎన్నటికీ ఊడదు. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేవాళ్లు డబ్బు చేతికిచ్చే ముందే మూడు పనులు చేయండి: పైన చెప్పిన వరుస చూడండి, మీ సిమ్ వేసి కాల్ చేయండి, కేవైఎం (KYM) అని ఇంగ్లీషులో కొట్టి ఖాళీ వదిలి ఐఎంఈఐ రాసి 14422కి మెసేజ్ పంపండి. బ్లాక్ లిస్టులో ఉంటే జవాబులో తెలుస్తుంది. పాత యజమాని ఆపిల్ ఐడీ పాస్‌వర్డ్ అడుగుతోందంటే అది యాక్టివేషన్ లాక్, వేరే జబ్బు. ఆ పాస్‌వర్డ్ తెలిసినవాళ్లే దానికి మందు.

ప్ర: మా అన్న పంపిన ఐఫోన్‌కు సిమ్ పెట్టే కంతే లేదు. మామూలు సిమ్‌ను ఈసిమ్‌గా మార్చుకుంటే తిరిగి వెనక్కి రావచ్చా?
– తాడిపత్రి పాఠకురాలు

జ: రావచ్చు, స్టోర్‌కు వెళ్లి కొత్త సిమ్ తీసుకోవాలి. ఈసిమ్ మొదలైన క్షణం నుంచి పాత ప్లాస్టిక్ సిమ్ చచ్చిపోతుంది. *#06# కొడితే ఐఎంఈఐతో పాటు 32 అంకెల ఈఐడీ (ఈసిమ్ గుర్తింపు నంబరు) కూడా కనిపిస్తుంది. కంపెనీ అడిగేది అదే, కాగితం మీద రాసి పెట్టుకోండి. వైఫై ఉన్న చోట కూర్చుని చేయండి. మధ్యలో సిగ్నల్ పోతుంది కాబట్టి మొబైల్ డేటాను నమ్ముకుంటే సగంలో ఆగుతారు. ఈసిమ్ కోసం కంపెనీ ఇచ్చే క్యూఆర్ కోడ్ సాధారణంగా ఒక్కసారికే పనికొస్తుంది, కాబట్టి ఫోన్ రీసెట్ చేసేటప్పుడు 'ఈసిమ్ ఉంచాలా' అని అడిగితే ఉంచమనండి.

ఇంకో మాట. సిమ్ మార్చిన తర్వాత 24 గంటలు ఆ నంబరుకు మెసేజ్‌లు రావు, పోవు. మోసగాళ్లు సిమ్ మార్చి ఓటీపీలు కొట్టేయకుండా పెట్టిన నియమం అది. ప్రయాణం రోజు, బ్యాంకు పని ఉన్న రోజు ఈ పని పెట్టుకోకండి. 'కస్టమర్ కేర్ నుంచి, మీ సిమ్‌ను ఈసిమ్ చేస్తాం, కోడ్ చెప్పండి' అని ఎవరైనా వాళ్లంతట వాళ్లు ఫోన్ చేస్తే పెట్టేయండి.

ప్ర: మా ఆయన కువైట్‌లో డ్రైవరు. ఇక్కడి నంబరుకే బ్యాంకు ఓటీపీలు వస్తాయి. పోయినసారి వెళ్లిన రోజే ప్యాక్ మొత్తం అయిపోయిందంట. ఈసారి సిమ్ ఇంట్లో పెట్టి పోతానంటున్నాడు. ఏది మంచిది?
– రాజంపేట నుంచి ఒక గృహిణి

జ: ఓటీపీ కావాలంటే సిమ్ ఆయన దగ్గరే ఉండాలమ్మా. ఇంట్లో పెడితే ప్రతి ఓటీపీకి మీకు ఫోన్ చేసి అడగాలి. రెండు మూడు నిమిషాల్లో గడువు దాటే అంకెలను కువైట్ దాకా చదివి చెప్పడం ఎంత తలనొప్పో మీకే తెలుస్తుంది. అలా అంకెలు ఫోన్‌లో చెప్పే అలవాటు కూడా మంచిది కాదు.

ప్యాక్ ఒక్క రోజులో పోవడానికి కారణం ఆయన వాడకం కాకపోవచ్చు. ఫోన్ తనంతట తాను వాడేస్తుంది: ఫొటోల బ్యాకప్, యాప్‌ల అప్‌డేట్లు, వాట్సాప్‌లో వచ్చిన వీడియోలు. చెన్నైలో విమానం ఎక్కే ముందే ప్లే స్టోర్‌లో ఆటో అప్‌డేట్, గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్, వాట్సాప్‌లో ఆటో డౌన్‌లోడ్ ఈ మూడూ ఆపేయించండి. విమానంలో ఎయిర్‌ప్లేన్ మోడ్ తీయొద్దు. ఆకాశంలో దొరికే నెట్‌వర్క్ కువైట్‌ది కాదు, కువైట్ కోసం వేసుకున్న రోమింగ్ ప్యాక్ దానికి వర్తించదు.

అసలు పద్ధతి ఇది. అక్కడి సిమ్ తీసుకుని దాన్నే డేటాకు పెట్టుకోవాలి. మన సిమ్ రెండో స్లాట్‌లో ఆన్‌లో ఉంచి, దానికి డేటా రోమింగ్ ఆఫ్ చేయాలి. బయల్దేరే ముందే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించాలి, లేకపోతే అక్కడ సిగ్నలే ఎక్కదు. ఇలా ఉంటే మెసేజ్‌లు వస్తాయి, డేటా ఖర్చు ఉండదు. మన నంబరుకు కాల్ వస్తే మాత్రం ఎత్తకుండా వాట్సాప్‌లో తిరిగి చేయాలి. రోమింగ్‌లో ఇన్‌కమింగ్‌కూ డబ్బు పోతుంది.

రెండు సిమ్‌ల ఐఫోన్‌లో ఒక గుంత ఉంది. మొబైల్ డేటా సెట్టింగ్‌లో 'అలో సెల్యులార్ డేటా స్విచింగ్' అని ఒక మీట ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే, కువైట్ సిమ్ సిగ్నల్ తగ్గినప్పుడు ఫోన్ చడీచప్పుడు లేకుండా మన సిమ్ మీదికి డేటాను మార్చుకుంటుంది. డేటా రోమింగ్ కూడా ఆన్‌లో ఉంటే ఖర్చు పడినట్టే. పోస్ట్‌పెయిడ్ వాళ్లకు దెబ్బ బిల్లు వచ్చాకే తెలుస్తుంది. ప్రీపెయిడ్‌లో బ్యాలెన్స్ ఊడ్చుకుపోయి అక్కడితో ఆగుతుంది.

నంబరు బతికించుకోవడం మీద చాలామందికి ఒక అపోహ ఉంది. 90 రోజులు కాల్, మెసేజ్, డేటా ఏదీ లేకపోతే ప్రీపెయిడ్ నంబరును కంపెనీ తీసేయొచ్చు. ఖాతాలో 20 రూపాయలుంటే దాన్ని కోసుకుని మరో 30 రోజులు ఉంచాలన్నది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమం. అంతవరకు నిజమే. అయితే అది నంబరు పోకుండా కాపాడుతుందే గానీ, ప్యాక్ గడువు దాటిన సిమ్‌కు ఓటీపీలు తెచ్చిపెట్టదు. గడువున్న రీచార్జి ఉండాల్సిందే. 2024 డిసెంబరులో ట్రాయ్ తెచ్చిన సవరణ ప్రకారం డేటా లేకుండా కాల్స్, మెసేజ్‌ల కోసమే ప్రత్యేక ప్యాక్‌లు ఇవ్వాలి, గడువు 365 రోజుల దాకా ఉండొచ్చు. యాప్‌లో ముందు వరుసలో కనబడవు, వెతకండి. మీ ఆయన లాంటివాళ్లకు సరిపోయేది అదే. నంబరు ఒకసారి పోతే కొన్ని నెలల తర్వాత ఇంకొకరి చేతికి వెళ్తుంది. ఆ తర్వాత మీ బ్యాంకు మెసేజ్‌లు చదివేది వాళ్లు.

ప్ర: అనంతపురం నుంచి బెంగళూరు బస్సులో వెళ్తుంటే కొడికొండ చెక్‌పోస్టు దాటగానే నెట్ పోతుంది. కాల్స్ మాత్రం వస్తాయి. దేశంలో రోమింగ్ లేదంటారు కదా?
– డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జ: రోమింగ్ చార్జీ పోయింది, రోమింగ్ పోలేదు. మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపి టెలికాం లెక్కలో ఒకే సర్కిల్. కర్ణాటక వేరు. అందుకే కర్నూలు వాళ్లు తుంగభద్ర వంతెన దాటి అలంపూర్ వైపు వెళ్తే ఏమీ కాదు గానీ, మీకు బాగేపల్లి రాగానే సర్కిల్ మారుతుంది. ఫోన్‌లో డేటా రోమింగ్ ఆఫ్‌లో ఉంటే కొన్ని ఫోన్లు అక్కడ డేటాను ఆపేస్తాయి. కాల్స్‌కు ఆ మీటతో పని లేదు కాబట్టి అవి నడుస్తాయి. మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్‌లో డేటా రోమింగ్ ఆన్ చేయండి. దేశంలో ఉన్నంతవరకు అదనపు చార్జీ లేదు.

అది ఆన్‌లో ఉన్నా ఆగితే, ఫోన్ వెనక వదిలేసిన ఆంధ్రా టవర్‌ను పట్టుకుని వేలాడుతోందన్నమాట. ఎయిర్‌ప్లేన్ మోడ్ పది సెకన్లు వేసి తీయండి, దగ్గరి టవర్‌ను వెతుక్కుంటుంది. మంత్రాలయంలో నది ఒడ్డున ఉన్నవాళ్లకూ ఇదే చిట్కా.

ప్ర: ఆదోని నుంచి కారులో శ్రీశైలం వెళ్తున్నాం. ఆత్మకూరు దాటాక మ్యాప్ ఆగిపోతుంది. ఏ కంపెనీ సిమ్ తీసుకోవాలి?

జ: నల్లమలలో టవర్ లేని చోట ఏ కంపెనీ అయినా ఒకటే. జీపీఎస్‌కు నెట్ అక్కర్లేదు, అది ఉపగ్రహాల నుంచి వస్తుంది. కావాల్సింది పటం మాత్రమే. బయల్దేరే ముందు ఇంట్లో వైఫై మీద గూగుల్ మ్యాప్స్‌లో మీ ఫొటో నొక్కి, 'ఆఫ్‌లైన్ మ్యాప్స్'లో కర్నూలు నుంచి శ్రీశైలం దాకా చతురస్రంలో పట్టేలా ఎంచుకుని దించుకోండి. రూట్ కూడా సిగ్నల్ ఉండగానే మొదలుపెట్టండి. నెట్ లేకుండా జీపీఎస్‌ను తొలిసారి ఆన్ చేస్తే మన చోటు పట్టుకోవడానికి ఎక్కువ సేపు తీసుకుంటుంది. దారిలో ఫోన్ పే నడవదు, జేబులో నోట్లుండాలి. సిగ్నల్ లేదని చూపిస్తున్నా ప్రమాదమైతే 112కు ప్రయత్నించండి, వేరే కంపెనీ టవర్ దొరికినా ఆ కాల్ కలుస్తుంది.

ప్ర: నంబరు అదే ఉంచుకుని వేరే కంపెనీకి మారదామని పోర్ట్ పెట్టిన ప్రతిసారీ తిరస్కరిస్తున్నారు. ఇది కంపెనీ మోసం కాదా?
– కర్నూలు

జ: కొన్నిసార్లు అవును, ఎక్కువసార్లు కాదు. పోర్ట్ అని ఇంగ్లీషులో రాసి, ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు 1900కి పంపితే 8 అక్షరాల యూపీసీ (పోర్ట్ కోడ్) రావాలి. దాని గడువు నాలుగు రోజులే. సిమ్ తీసుకుని 90 రోజులు కాకపోయినా, పోస్ట్‌పెయిడ్ బాకీ ఉన్నా, ఏడు రోజుల లోపల సిమ్ మార్చుకున్నా రాదు. సిమ్ పోయిందని కొత్తది తీసుకుని మర్నాడే పోర్ట్ పెట్టేవాళ్లు ఇక్కడే దెబ్బతింటున్నారు. 2024 జూలై నుంచి ఉన్న నియమం ఇది. కోడ్ వచ్చాక సిమ్ ఎవరి పేరున ఉందో వాళ్లే ఆధార్‌తో అంగడికి రావాలి. నాన్న పేరున ఉన్న సిమ్‌కు కొడుకు వేలిముద్ర పనికిరాదు. మిగిలిన ప్యాక్, బ్యాలెన్స్ కొత్త కంపెనీకి రావు, కాబట్టి గడువు చివర్లో పెట్టండి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా తిరస్కరిస్తే కంపెనీ ఫిర్యాదుల నంబరుకు చేసి డాకెట్ (ఫిర్యాదు) నంబరు తీసుకోండి. డాకెట్ లేని ఫిర్యాదు గాలిలో కలిసిపోతుంది. పరిష్కారం నచ్చకపోతే 30 రోజుల్లో ఆ కంపెనీ అప్పీలు అధికారికి రాయొచ్చు. ట్రాయ్‌కి వ్యక్తిగత ఫిర్యాదు రాసి ఎదురుచూడకండి, వాళ్లు వాటిని పరిష్కరించరు. జిల్లా వినియోగదారుల కమిషన్ దారి మాత్రం తెరిచే ఉంది. టెలికాం తగాదాలు కమిషన్ వినకూడదన్న కంపెనీల వాదనను సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో తోసిపుచ్చింది. 5 లక్షల రూపాయల లోపు కేసుకు అక్కడ ఫీజు లేదు.

ప్ర: వాయిదాలన్నీ కట్టినా ఫోన్ తెర మీద 'డివైజ్ లాక్డ్' అని వస్తోంది. రీసెట్ చేస్తే పోతుందా?
– ఎమ్మిగనూరు

జ: పోదు. ఇది అప్పు ఇచ్చిన ఫైనాన్స్ సంస్థ వేసిన లాక్, సిమ్ కంపెనీకి దీనితో సంబంధం లేదు. రీసెట్ చేస్తే మీ ఫొటోలు పోతాయి, లాక్ మిగులుతుంది. బాకీ లేదన్న పత్రం తీసుకుని, ఐఎంఈఐ జతచేసి, లాక్ తీయమని ఈమెయిల్‌లో అడగండి. ఫోన్‌లో అడిగితే రుజువు ఉండదు. వాళ్లు తీశాక ఫోన్‌ను నెట్‌కు కలిపితేనే ఆ కబురు ఫోన్‌కు చేరుతుంది.