పసుపు లేబుల్ పెట్టె రోడ్డు మీద పడితే...

ప్రశ్న: విజయవాడ-గుంటూరు మధ్య ట్యాక్సీ నడుపుతాను. మొన్న కాజ టోల్‌గేట్ దగ్గర నా ముందు ఆగిన వ్యాన్ వెనక పసుపు బోర్డు, దాని మీద మూడు రెక్కల నల్ల గుర్తు, కింద 7 అంకె ఉన్నాయి. అది చూసి కారులో వాళ్లకి ఒకటే టెన్షన్. అలాంటి బండి వారధి మీద బోల్తా పడితే మాలాంటి వాళ్లం దగ్గరికి వెళ్లొచ్చా? డ్రైవర్ని బయటికి లాగితే మాకేమన్నా అవుతుందా?
- ఒక ట్యాక్సీ డ్రైవర్, విజయవాడ

జవాబు: ఆ గుర్తు, 7 అంకె ఉంటే బండిలో రేడియేషన్ వెలువరించే సరుకు ఉందని అర్థం. అయినా వెళ్లొచ్చండీ. లోపల మనిషి ప్రాణం మీదికొచ్చి ఉంటే వెళ్లి తీరాలి. విరిగిన కాలు, ఆగని రక్తం, కారుతున్న డీజిల్, వీటి వల్లే ముందు ప్రాణం పోతుంది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ పోలీసులకి, ఫైర్ సిబ్బందికి రాసిన సూచనల్లో కూడా రేడియేషన్ కొలిచేదాకా ప్రాణాలు కాపాడే పని ఆపొద్దనే ఉంది. "అణు పదార్థం" అన్న మాట వినగానే అందరూ దూరంగా నిలబడి, గాయపడ్డ డ్రైవర్ని అలాగే వదిలేస్తారేమోనన్నదే నాకు అసలు భయం.

ఇక పెట్టె సంగతి. ఇలా వెళ్లే సరుకులో చాలావరకు ఆసుపత్రులదే. థైరాయిడ్ చికిత్సకి వాడే అయోడిన్-131 అయితే ఎనిమిది రోజులకి సగమైపోతుంది, పెట్ స్కాన్‌కి వాడే ఫ్లోరిన్-18 రెండు గంటల్లోపే సగమవుతుంది. ఇలాంటి కొద్దిపాటి సరుకు టైప్ ఎ పెట్టెల్లో వెళ్తుంది, అవి మామూలు కుదుపుల్ని, చిన్న చిన్న పడిపోవడాల్ని తట్టుకుంటాయి. క్యాన్సర్ చికిత్స యంత్రాల్లో పెట్టే కోబాల్ట్-60 లాంటి బలమైనవాటికి టైప్ బి పెట్టెలు ఉంటాయి. ఆ డిజైన్‌ని 9 మీటర్ల ఎత్తు నుంచి కదలని గట్టి నేల మీద పడేసి, నిలబెట్టిన ఇనుప కడ్డీ మీదికి జారవిడిచి, 800 డిగ్రీల మంటలో అరగంట ఉంచి పరీక్షించాకే ఒప్పుకుంటారు. అందుకే బండి నుజ్జయినా లోపలి పెట్టె నిక్షేపంగా ఉండే అవకాశమే ఎక్కువ.

దూరం నుంచే కనిపిస్తే పెట్టెకి అంటించిన లేబుల్ చూడండి, అవసరమైతే ఫోన్ కెమెరాలో జూమ్ చేయండి. పూర్తిగా తెల్లగా ఉండి ఒక ఎర్ర గీత ఉంటే చాలా తక్కువ స్థాయి. పైసగం పసుపుగా ఉంటే రెండు గీతలో, మూడు గీతలో ఉంటాయి, మూడంటే ఎక్కువని. పసుపు లేబుల్ మీద చిన్న గడిలో ట్రాన్స్‌పోర్ట్ ఇండెక్స్ అని ఒక అంకె రాస్తారు. దాన్ని 100తో భాగిస్తే పెట్టెకి మీటరు దూరంలో గంటకి ఎన్ని మిల్లీసీవర్ట్‌లో తెలుస్తుంది (ఒంటికి తగిలే రేడియేషన్‌ని కొలిచే లెక్క ఇది, ఇందులో వెయ్యో వంతు మైక్రోసీవర్ట్). ఉదాహరణకి 0.8 అని ఉంటే గంటకి 8 మైక్రోసీవర్ట్‌లు, అంటే ప్రకృతి నుంచి మనిషికి సగటున ఒక రోజులో అందేదానికి కాస్త ఎక్కువ, అంతే. అంత దూరంలో మీరు రెండు నిమిషాల్లో డ్రైవర్ని లాగి బయటికొస్తే లెక్కలోకే రాదు. కానీ పెట్టె పగలనంత వరకే ఈ లెక్క, ఇది మాత్రం మర్చిపోవద్దు.

పగిలితే? కిరణాలు తగలడం వేరు, పొడో ద్రవమో ఒంటికి అంటుకోవడం వేరు. పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చేస్తే సెగ అక్కడే ఆగిపోతుంది, మసి మాత్రం చేతికి అంటుకుని ఇంటిదాకా వస్తుంది. అందుకే గాయపడ్డవాళ్లని బయటికి తీశాక దుప్పట్లోనో చీరలోనో చుట్టి పడుకోబెట్టి, బండిలో ఏముందో 108 వాళ్లకి ముందే చెప్పండి. మీరు చేతులు నోటి దగ్గర పెట్టుకోవద్దు, టీ, సిగరెట్ ముట్టొద్దు, ముఖ్యంగా అక్కడి నుంచి జారుకుని ఇంటికి పోవద్దు. పై బట్టలు విప్పేసి సంచిలో కట్టేస్తేనే అంటుకున్నదాంట్లో చాలాభాగం పోతుంది, మిగతాది సబ్బు, నీళ్లతో. అది కూడా వచ్చిన సిబ్బంది చెప్పినట్టు చేయండి.

112కి ఫోన్ చేసినప్పుడు ఊరి పేరుతో సరిపెట్టకుండా కిలోమీటరు రాయి, ఏ వైపు రోడ్డో చెప్పండి. బండి మీద నాలుగంకెల యూఎన్ నంబర్ కనిపిస్తే అదీ చదవండి. 2915 అంటే టైప్ ఎ, 2916 అంటే టైప్ బి అని అవతల వాళ్లకి వెంటనే అర్థమవుతుంది. సరుకు పంపినవాళ్ల నంబరు, ప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పే ట్రెమ్‌కార్డ్ క్యాబిన్‌లోనే ఉంటాయి, డ్రైవర్ స్పృహలో ఉంటే అడగండి. మిగతా జనాన్ని 30 మీటర్ల అవతలికి పంపండి, మంటలో పొగలో ఉంటే 300 మీటర్లు, అదీ బండి వైపు తిరిగి నిలబడితే గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా. వీడియోల కోసం ఎగబడే కుర్రాళ్లని ఆపడమే అన్నిటికంటే కష్టం, కాస్త గట్టిగానే చెప్పండి. మనకి దగ్గర్లోనే, గన్నవరం పక్కన కొండపావులూరులో, ఎన్డీఆర్‌ఎఫ్ 10వ బెటాలియన్ ఉంది. ఇలాంటి ప్రమాదాలకి ఆ దళానికి శిక్షణ ఉంటుంది.

ప్రశ్న: మా బాబాయికి గుంటూరులో పాత ఇనుము కొట్టు ఉంది. బండిలోంచి ఏదైనా ముక్క జారిపోతే ఎవరో ఏరుకొచ్చి అమ్మేయరా?
- ఒక డిగ్రీ విద్యార్థిని, గుంటూరు

జవాబు: అమ్మా, అచ్చంగా భయపడాల్సింది దీనికే. 2023 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక గని నుంచి పెర్త్‌కి లారీలో పంపిన పరికరంలోంచి సీసియం-137 ఉన్న గొట్టం జారిపోయింది. పొడవు 8 మిల్లీమీటర్లు. సుమారు 1,400 కిలోమీటర్ల దారిలో వెతికి వెతికి ఫిబ్రవరి 1న రోడ్డు పక్కన పట్టుకున్నారు. 2010లో ఢిల్లీ మాయాపురిలో తుక్కు కింద కొన్న యంత్రాన్ని విప్పితే కోబాల్ట్-60 బయటపడి ఒక మనిషి చనిపోయాడు, ఇంకొందరు ఆసుపత్రి పాలయ్యారు.

ఇవి మెరవవు, వాసన రాదు, వేడిగా కూడా ఉండకపోవచ్చు. సైజుకి మించిన బరువున్న సీసపు డబ్బా, గొలుసు తోకలా చివర చిన్న లోహపు ముక్క, ఇలాంటివి కొట్టుకొస్తే విప్పొద్దు, తూకం వేయొద్దు, కాలవలో విసరొద్దు. అందరినీ దూరం జరిపి 112కి ఫోన్ చేయమనండి. ఎర్ర త్రికోణంలో పైన మూడు రెక్కల గుర్తు, కింద పుర్రె, పరుగెత్తే మనిషి ఉన్న బొమ్మ 2007 నుంచి వాడుకలో ఉంది, బలమైన వాటికి లోపలి కవచం మీదే దాన్ని అంటిస్తారు. అంటే పైమూత విప్పాకే కనిపిస్తుంది. కొట్టులో కుర్రాళ్లకి ఆ బొమ్మ చూపించమని బాబాయికి ఇవాళే చెప్పమ్మా. అది కనిపించిన క్షణంలో చేతిలో పనిముట్టు ఎక్కడిదక్కడ వదిలేసి బయటికి వచ్చేయాలి.