పేటెంట్ దరఖాస్తు: నంబరొచ్చింది, మరి ఉత్తరమేదీ?

ప్రశ్న: ఆటోనగర్‌లో మాకు చిన్న వర్క్‌షాపు ఉంది. జీడిపిక్కల్ని పప్పు విరగకుండా ఒలిచే యంత్రానికి 2024 జూన్ 10న ప్రొవిజనల్ (తాత్కాలిక వివరణ), 2025 మేలో కంప్లీట్ స్పెసిఫికేషన్ (పూర్తి వివరణ) వేశాం. నంబరు వచ్చింది, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. చెన్నై వెళ్లి అడగమంటారా? (గాజువాక)

జవాబు: చెన్నై గిండీలోని పేటెంట్ ఆఫీసు దాకా వెళ్లక్కర్లేదు. మీ నంబరు 202441తో మొదలవుతుంది: మొదటి నాలుగంకెలు ఏడాది, 4 అంటే చెన్నై, 1 అంటే మామూలు దరఖాస్తు. దాన్ని పేటెంట్ ఆఫీసు సైట్లో కొడితే స్టేటస్ కనిపిస్తుంది.

అసలు ఫారం 18 వేశారా? దరఖాస్తు వేసినంత మాత్రాన పరిశీలన మొదలుకాదు. పరిశీలించమని విడిగా అడగాలి. ఆన్‌లైన్లో ఫీజు 20,000 రూపాయలు. ఉద్యమ్ సర్టిఫికెట్టుతో (చిన్న పరిశ్రమగా నమోదు పత్రం), చిన్న సంస్థనని తెలిపే ఫారం 28 పెట్టినవాళ్లకు 4,000. తొందరైతే ఫారం 18ఏ కింద 8,000 కట్టి ముందు వరసలోకి రావచ్చు.

గడువు 31 నెలలు (2024 మార్చి 15కు ముందు వేసినవాటికి 48). చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. లెక్క ప్రొవిజనల్ వేసిన రోజు నుంచి మొదలవుతుంది, కాబట్టి మీ ఆఖరి తేదీ 2027 జనవరి 10. మే నుంచి లెక్కేసుకుని 2027 డిసెంబరు దాకా టైముందనుకుంటే, ఈలోగా దరఖాస్తు ఉపసంహరించుకున్నట్టే లెక్క. గుర్తుచేసే బాధ్యత ఆఫీసుది కాదు.

ప్రశ్న: మా దరఖాస్తుపై ఎగ్జామినర్ (పరిశీలించే అధికారి) మొదటి రిపోర్టు మెయిల్ స్పామ్‌లో పడి, నాలుగు నెలలకు కనబడింది. ఇప్పుడేం చేయాలి? (ఎంవీపీ కాలనీ)

జవాబు: జవాబిచ్చే గడువు రిపోర్టు పంపిన తేదీ నుంచి ఆరు నెలలు. మీరెప్పుడు చదివారన్నది లెక్కలోకి రాదు. రెండు నెలలున్నాయి, చాలు. చాలదనిపిస్తే ఆరు నెలలు నిండకముందే ఫారం 4 వేసి మరో మూడు నెలలు అడగండి.

జవాబులో "మా యంత్రం చవక, మన్నిక ఎక్కువ" అని రాస్తే ఒరిగేదేమీ లేదు. డీ1, డీ2 అని పాత పత్రాలు చూపిస్తారు. మీ మొదటి క్లెయిమును (దేనిమీద హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యం) ముక్కలుగా విడదీసి, డీ1లో లేని ముక్క ఏది, దానివల్ల పనిలో వచ్చిన తేడా ఏమిటో చెప్పండి. ప్రతి అభ్యంతరానికీ విడిగా సమాధానం ఉండాలి. మార్చిన క్లెయిముల్ని దిద్దుళ్లు కనిపించే ప్రతి ఒకటి, శుభ్రమైన ప్రతి ఒకటి పెట్టండి. మొదటి స్పెసిఫికేషన్‌లో లేని కొత్త భాగాన్ని ఇప్పుడు ఇరికిస్తే ఒప్పుకోరు.

ప్రశ్న: మా కాలేజీ ప్రాజెక్టు పేటెంట్ జర్నల్లో వచ్చింది. పేటెంట్ వచ్చినట్టేనా? (మధురవాడ)

జవాబు: కాదు. జర్నల్ ప్రతి శుక్రవారం వస్తుంది. మామూలుగా దరఖాస్తు అందులో 18 నెలలకు, ఫారం 9 వేస్తే ఇంకా ముందే అచ్చవుతుంది. అప్పటికి ఎగ్జామినర్ దాన్ని తెరిచి కూడా ఉండకపోవచ్చు. దరఖాస్తుదారు కాలేజీ, ఆవిష్కర్తలు విద్యార్థులూ అయితే, హక్కు కాలేజీకి ఇచ్చినట్టు వాళ్ల సంతకాలు దరఖాస్తు వేసిన ఆరు నెలల్లోగా అందాలి. ఫైనలియర్ వాళ్లయితే ఊళ్లకు వెళ్లిపోకముందే పెట్టించుకోండి.