జాల్లో సినిమాల డిస్కులు కొనే ముందు ఏం చూసుకోవాలి? నా అనుభవం

మీరు అడిగినవి రెండు. పాత ఇటాలియన్ జాల్లో సినిమాలు ఎక్కడ మొదలుపెట్టాలి? డిస్కులు కొందామంటే ఒక్కో సినిమాకి నాలుగైదు ఎడిషన్లు, ఒక్కోదానికి ఒక్కో నిడివి కనిపిస్తున్నాయి, ఏది తీసుకోవాలి? రెండోదాని గురించే ఎక్కువ రాస్తాను. నేను డబ్బులు తగలేసింది అక్కడే.

ముందు పేరు సంగతి. ఇటాలియన్‌లో జాల్లో అంటే పసుపు. మొందదోరి అనే ప్రచురణ సంస్థ 1929 నుంచి డిటెక్టివ్ నవలల్ని పసుపు అట్టలతో వేసింది. మనం ఫోటోకాపీని జిరాక్స్ అన్నట్టే, అక్కడ అపరాధ పరిశోధన కథ ఏదైనా 'పసుపు' అయిపోయింది. అగాథా క్రిస్టీ నవల కూడా వాళ్లకి జాల్లోనే. ఇటలీ బయట మాత్రం ఆ మాటకి అర్థం వేరు: ముఖ్యంగా 60లు, 70లలో అక్కడ తీసిన హత్యల సినిమాలు. నల్ల చేతి తొడుగులు, పదునైన కత్తి, చూడకూడనిది చూసేసిన ఓ సాక్షి. బహువచనం జాల్లీ. ఒక లకారం జారితే మన 'జాలి' అవుతుంది, ఈ హంతకులకి లేనిదల్లా అదే.

నేను మొదట చూసింది డారియో అర్జెంతో 1975లో తీసిన 'డీప్ రెడ్'. ఇంజనీరింగ్ హాస్టల్లో ఎవడో హార్డ్ డిస్కులో తెచ్చిన కాపీ. అందులో ఒక పియానో వాద్యకారుడు రాత్రిపూట వీధిలోంచి పై అంతస్తు కిటికీలో జరుగుతున్న హత్యను చూసి పైకి పరిగెడతాడు. గోడల నిండా పటాలున్న ఒక కారిడార్‌లోంచి వెళ్తాడు. తర్వాత అతనికి అక్కడ తను చూసిన పటం ఏదో మాయమైందన్న అనుమానం పట్టుకుంటుంది. సినిమా అంతా దానిచుట్టూ తిరుగుతుంది. అర్జెంతో చేసిన గడుసు పని ఏమిటంటే, ఆ కారిడార్‌లో హీరో చూసినదాన్ని మనకీ చూపించేశాడు. దాచలేదు. మన హాస్టల్ కాపీలో మాత్రం అక్కడ గోధుమరంగు మసక తప్ప ఏమీ లేదు. చివర్లో రహస్యం బయటపడినప్పుడు "ఇదేం మోసంరా" అని లైటేసి పడుకున్నాం.

ఏళ్ల తర్వాత అదే సినిమా బ్లూరేలో చూస్తూ ఆ సీను దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూశాను. ఉంది. ఎదురుగానే ఉంది. నేను లేచి టీవీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

అందుకే ఈ సినిమాలకి మంచి ప్రింటు సోకు కాదు, అవసరం అంటాను. కథకి ఆధారం డైలాగులో కాదు, ఫ్రేములో ఉంటుంది. అర్జెంతో మొదటి సినిమా, 1970 నాటి 'ది బర్డ్ విత్ ది క్రిస్టల్ ప్లూమేజ్' కూడా అంతే. రోమ్‌లో ఉన్న ఒక అమెరికన్ రచయిత ఆర్ట్ గ్యాలరీలో పెనుగులాట చూసి లోపలికి వెళ్లబోయి రెండు అద్దాల తలుపుల మధ్య ఇరుక్కుపోతాడు. లోపల ఓ ఆడమనిషి రక్తం ఓడుతుంటుంది, ఇతను చూడగలడే తప్ప కదల్లేడు. వెడల్పాటి ఫ్రేములో అతనొక పక్క, ఆమె ఒక పక్క. ఎత్తుకి 2.35 రెట్లు వెడల్పున్న (2.35:1) ఈ బొమ్మను పాత వీడియో క్యాసెట్ కోసం చదరపు టీవీ కొలతకి కోస్తే నలభై శాతానికి పైగా పోతుంది. ఇంక ఎవరిని చూడాలి, ఏం గుర్తుపెట్టుకోవాలి?

ఇప్పుడు డిస్కుల విషయానికి వస్తే, అట్ట వెనక మొదట చూడాల్సింది నిడివి. 'డీప్ రెడ్' ఇటలీలో సుమారు 127 నిమిషాలు. విదేశాలకి పంపిన ఇంగ్లిష్ ప్రింటు దాదాపు 105. పోయినవాటిలో ఎక్కువ భాగం రక్తం కాదు, సరదా. హీరో డేవిడ్ హెమ్మింగ్స్‌తో హీరోయిన్ దారియా నికొలోది మోచేతులు బల్లమీద ఆన్చి బలపరీక్షకి దిగే సీను, ఆమె బుల్లి డొక్కు కార్లో ఇతను సీట్లోకి కూరుకుపోయే తంతు లాంటివి. పొట్టి వెర్షనే బిగువుగా ఉంటుందనేవాళ్లున్నారు. నాకు పొడుగుదే ఇష్టం. వాళ్లిద్దరి కీచులాట లేకపోతే ఆమె ప్రమాదంలో పడ్డప్పుడు నాకేం టెన్షన్ ఉంటుంది? యారో వీడియో అనే డిస్కుల సంస్థ వేసిన 4కె ఎడిషన్‌లో రెండు వెర్షన్లూ ఉన్నాయి కాబట్టి మీరే తేల్చుకోవచ్చు.

ఇక్కడొక చిక్కుంది. పాత యూరప్ డీవీడీ మీద 122 నిమిషాలని కనిపిస్తే కోత పడిందని కంగారుపడకండి. అక్కడి పాల్ (PAL) అనే టీవీ పద్ధతిలో సెకనుకి 24 ఫ్రేముల సినిమాని 25 చొప్పున నడిపేవారు. దాంతో నాలుగు శాతం తగ్గుతుంది, గొంతులు కాస్త కీచుగా వినిపిస్తాయి. ఇది తెలీక నేను మంచి డిస్కొకటి ఎవరికో ఇచ్చేశాను. అసలైన కోతలు వేరే ఉంటాయి. 1982 నాటి 'టెనెబ్రే' అమెరికాలో 'అన్‌సేన్' అనే పేరుతో దాదాపు పది నిమిషాలు తగ్గి వచ్చింది. మారియో బావా 1963లో తీసిన 'ది గర్ల్ హూ న్యూ టూ మచ్' అమెరికాకి వెళ్లేసరికి పేరు, సంగీతం రెండూ మారి, హాస్యం పెరిగి 'ది ఈవిల్ ఐ' అయింది. బావాదే 1971 సినిమా ఒకటి 'ఎ బే ఆఫ్ బ్లడ్' అని, 'ట్విచ్ ఆఫ్ ది డెత్ నర్వ్' అని రెండు పేర్లతో దొరుకుతుంది. రెండు సినిమాలనుకుని రెండూ కొనకండి. నేను కొన్నాను.

తర్వాత భాష. "ఒరిజినల్ ఇటాలియన్‌లోనే చూడాలి" అని పట్టుబట్టేవాళ్లని ఇక్కడ పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. అప్పట్లో ఇటలీలో సినిమాలకి గొంతులన్నీ తర్వాత స్టూడియోలో కలిపేవారు. సెట్లో ఒకరు ఇంగ్లిష్, ఒకరు ఇటాలియన్ మాట్లాడేసేవారు. అంటే రెండు ట్రాకులూ డబ్బింగే. హెమ్మింగ్స్ లాంటివాళ్లకి ఇంగ్లిషే పెదాలకి అతుకుతుంది. చూసుకోవాల్సింది సబ్‌టైటిల్స్. మంచి ఎడిషన్‌లో రెండు రకాలుంటాయి, ఇంగ్లిష్ ట్రాకుకి ఒకటి, ఇటాలియన్ మాటల అనువాదం ఒకటి. ఒక్కటే ఉంటే, ఇటాలియన్ పెట్టుకున్నా కింద ఇంగ్లిష్ డబ్బింగ్ మాటలే పడుతుంటాయి, అక్కడ అంటున్నదొకటి, మనం చదివేదొకటి. పొడుగు 'డీప్ రెడ్' ఇంగ్లిష్‌లో చూస్తుంటే మధ్యలో పాత్రలు హఠాత్తుగా ఇటాలియన్‌లోకి మారతాయి. డిస్కు పాడవలేదు, ఆ ముక్కలకి ఇంగ్లిష్ ట్రాకు లేదు.

బొమ్మలో ఇసుక చల్లినట్టు గ్రెయిన్ కనిపిస్తే అదీ లోపం కాదు. చాలా జాల్లీ సినిమాలు టెక్నిస్కోప్‌లో తీశారు. మామూలు 35 ఎంఎం ఫ్రేముకి అంచున ఉండే రంధ్రాల లెక్కలో నాలుగు రంధ్రాల ఎత్తు ఫిల్ము పడితే, దీనికి రెండే. ఫిల్ము ఖర్చు సగానికి సగం. చిన్న ఫ్రేముని పెద్ద తెర మీదకి లాగుతారు కాబట్టి గ్రెయిన్ పెద్దదిగా కనిపిస్తుంది. దాన్ని కంప్యూటర్లో తుడిచేసిన బ్లూరే ఒకటి నా దగ్గరుంది. అందులో అందరి మొహాలూ మైనపు బొమ్మల్లా ఉంటాయి, శవానికీ పోలీసుకీ తేడా తెలీదు. నెగటివ్ (కెమెరాలో తిరిగిన అసలు ఫిల్ము) నుంచి కొత్తగా స్కాన్ చేశారా లేదా అన్నది అట్టమీద రాస్తారు, చదవండి.

అన్నిటికన్నా నాకు గట్టిగా తగిలిన దెబ్బ రీజియన్ కోడ్, అంటే ఒక ప్రాంతంలో అమ్మిన డిస్కు ఆ ప్రాంతపు ప్లేయర్లోనే ఆడేలా వేసే తాళం. బ్లూరేల్లో అమెరికా ఏ, బ్రిటన్, యూరప్ బీ, మనది సీ. మా పెద్దమ్మ కొడుకు లీడ్స్ నుంచి వస్తూ ఆరు డిస్కులు తెచ్చిపెట్టాడు, అన్నీ బీ. హైదరాబాద్‌లో కొన్న నా ప్లేయర్ ఒక్కదాన్నీ ముట్టలేదు. డీవీడీ రీజియన్‌ని చాలా ప్లేయర్లలో రిమోట్‌తో ఏవో అంకెలు నొక్కి తీసేయొచ్చు, బ్లూరేకి అంత తేలిక కాదు. చివరికి రీజియన్ ఫ్రీ ప్లేయర్ వెతికి కొన్నాను. మీరు కొత్తగా కొంటున్నారు కాబట్టి 4కె ప్లేయర్ తీసుకోండి, 4కె డిస్కులకి రీజియన్ గొడవే లేదు. కాకపోతే ఆ సెట్లో అదనంగా ఇచ్చే మామూలు బ్లూరేకి లాక్ ఉండొచ్చు. పార్శిల్ తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం కూడా లెక్కలో వేసుకోండి.

పెట్టెల మోజులో మాత్రం పడకండి. పుస్తకం, పోస్టరు, గట్టి అట్టపెట్టెతో లిమిటెడ్ ఎడిషన్ అంటారు. కొన్నాళ్లకి చాలాసార్లు అదే డిస్కు మామూలు కేసులో తక్కువకి వస్తుంది. వినెగర్ సిండ్రోమ్ అనే సంస్థ వేసే 'ఫర్‌గాటెన్ జాల్లీ' సెట్లు బాగుంటాయి గానీ, స్పెయిన్‌లో తీసినవి కూడా కలిసి ఉండే ఆ మరుగునపడ్డ సరుకు, ఈ సినిమాల రుచి తెలిశాక చూడాల్సింది. బ్రిటన్‌లో షేమ్‌లెస్ అనే సంస్థ వాళ్లు పసుపు కేసుల్లో వేస్తారు. వాటిని వరసగా పేర్చుకుంటే మా అమ్మ చూసి, "ఏంట్రా, ఎవరి శుభలేఖలు ఇన్ని?" అంది.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, బావా 1964లో తీసిన 'బ్లడ్ అండ్ బ్లాక్ లేస్'. ఫ్యాషన్ హౌస్‌లో హత్యలు, ముఖం లేని హంతకుడు, ఎరుపు, ఆకుపచ్చ, ఊదా రంగు లైట్లు. కథ కన్నా ఆ రంగుల కోసం చూడండి. తర్వాత 'క్రిస్టల్ ప్లూమేజ్', దాని తర్వాత 'డీప్ రెడ్'. 'క్రిస్టల్ ప్లూమేజ్'కి మోరికోనే సంగీతం, 'డీప్ రెడ్'కి గోబ్లిన్ బ్యాండ్. ఇంకో సంగతి, అర్జెంతో సినిమాల్లో హంతకుడి తొడుగుల్లో ఉండే చేతులు తరచుగా అర్జెంతోవే. 'క్రిస్టల్ ప్లూమేజ్' ఆడాక నిర్మాతలంతా టైటిల్లో జంతువు పెట్టడం మొదలెట్టారు. పిల్లి, ఈగలు, బల్లి, ఉడుము, సాలీడు, జూ పార్కే. ఆ గుంపులో 1972 నాటి లూచో ఫుల్చి 'డోంట్ టార్చర్ ఎ డక్లింగ్' గొప్పది. దక్షిణ ఇటలీ పల్లెలో పిల్లల హత్యలు, మూఢనమ్మకం, నెపం ఎవరి మీద వేయాలా అని చూసే ఊరు. పిల్లలున్న ఇంట్లో చూడటం కష్టం. ఈ సినిమాల్లో ఆడవాళ్ల మీద హింస కూడా ఎక్కువే, కెమెరా దాన్ని ఇష్టంగా చూస్తుంది. నాకది ఇప్పటికీ ఇబ్బందే, అలాంటి రెండు డిస్కులు అమ్మేశాను.

అన్నీ ఒకేసారి కొనలేకపోతే, ముందు ఒక్క 'డీప్ రెడ్' కొనండి. మిగతావి ఆగుతాయి. రాత్రి పూట, లైట్లు ఆపి, పొడుగు వెర్షన్ పెట్టుకోండి. హీరో మెట్లెక్కుతున్నప్పుడు మాత్రం ఫోను పక్కన పడేయండి, కారిడార్ వచ్చేస్తోంది.